సూది పట్టిన చేతికే బువ్వ లెక్క అప్పగించండి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి
శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,



నేను వనపర్తి జిల్లా పాన్‌గల్ మండలంలో పుట్టి పెరిగినదాన్ని. ఉమ్మడి పాలమూరులోనే ఒక సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నర్సింగ్‌కు ముందు పోషకాహారం ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చదివాను. ఈ రెండు చదువులూ ఒకే మనిషికి ఉంటే రోగికి కలిగే మేలు ఏమిటో డ్యూటీలో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ మేలుకు మన వ్యవస్థలో ఒక పోస్టు గానీ, సర్వీసు పుస్తకంలో ఒక గడి గానీ లేవు. జీతం గురించో బదిలీ గురించో అయితే యూనియన్ ద్వారా అడిగేదాన్ని. ఇది వార్డులో తిండి గురించి కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను.

మా పల్లెల్లో నీరసానికి మందు గ్లూకోజ్ సీసా. నాట్లు వేసి వచ్చిన ఆడమనిషి కళ్ళు తిరిగి పడితే ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయి ఒక సీసా ఎక్కిస్తారు. మా దవాఖానకు వచ్చినా మొదటి మాట అదే: "సిస్టరమ్మా, ఒక గులకోజు పెట్టు, పానం లేసొస్తది." ఐదు శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద క్యాలరీలకు మించదు. మా వనపర్తి చేన్లలో పండే పల్లీలు 30 గ్రాములు, అంటే గుప్పెడు, తింటే 170 క్యాలరీల దాకా వస్తాయి, ఏడు గ్రాముల మాంసకృత్తులు అదనం. వాంతులైనప్పుడు, నోటితో తీసుకోలేనప్పుడు సీసా ప్రాణం నిలుపుతుంది, దాన్ని నేను తక్కువ చేయను. పొద్దున్నుంచి చాయ్ తప్ప ఏమీ తాగని మనిషికి మాత్రం సీసా కంటే ముందు రొట్టె కావాలి. ఈ లెక్క చెప్పగలిగేది ఎవరు? డాక్టరు గారి ఓపీలో మనిషికి దక్కేది రెండు మూడు నిమిషాలు. సూది గుచ్చుతూ పక్కన కూచునేది నర్సు. పేషెంటు చేతిని పట్టుకుని ఉన్న ఆ కాసేపట్లో చెప్పిన మాట ఇంటిదాకా పోతుంది.

ఇక ఐరన్ గోలీలు. గర్భిణికి రోజుకొకటి చొప్పున ఆరు నెలలు, కాన్పయ్యాక మరో ఆరు నెలలు ఇస్తాం. ఒక్కో గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. దాంతోపాటు కాల్షియం గోలీలూ ఇస్తాం. రెండూ ఒకే కవరులో పోతాయి, ఇంట్లో రెండూ ఒకే గుక్కలో మింగుతారు, ఆ గుక్క కూడా చాలాసార్లు చాయే. కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనీయదు, చాయ్‌లోని టానిన్లు మిగిలిన కాస్తనూ ఆపుతాయి. నెల తర్వాత పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ అక్కడే ఉంటుంది. రిజిస్టరులో మాత్రం గోలీలు ఇచ్చినట్టు టిక్కు ఉంటుంది. ఇనుము గోలీ, కాల్షియం గోలీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి, ఇనుముతో నిమ్మకాయ పిండిన నీళ్ళు మంచివి, గోలీ వేసుకున్నాక గంట దాకా చాయ్ వద్దు, విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. ఇది చెప్పడానికి పట్టేది ఒక నిమిషం. చెప్పాలని తట్టడానికి మాత్రం ఆ చదువు కావాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం. అంతకుముందు విడతలో పిల్లల సంఖ్య 60.7 శాతమే, అంటే దిగలేదు, పెరిగింది. అదే సర్వేలో ఇంకో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. తెలంగాణలో వందకు 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి, అది మనం గర్వపడాల్సిన సంగతే. కానీ పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు 37 శాతం. బిడ్డ మన కళ్ళముందే, మన గదిలోనే, మన చేతుల్లోనే పుడుతోంది, అయినా మొదటి గంట చేజారిపోతోంది. కాన్పుల్లో 60 శాతం పైన ఆపరేషన్లు కావడం ఒక కారణం. తల్లి ఇంకా ఆపరేషన్ టేబులు మీదే ఉంటే, బయట నాయనమ్మ తేనె చుక్కో చక్కెర నీళ్ళో పట్టుకుని నిలబడి ఉంటుంది. ముర్రుపాలు పిండి పారబోయించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ అయిన తల్లికి కూడా బిడ్డను పక్కకు తిప్పి పట్టించవచ్చు, కాకపోతే ఒక మనిషి అక్కడ నిలబడాలి. ఆ మనిషి లేబర్ రూమ్ నర్సే, ఇంకెవరూ కాదు.

పోషణ తెలియకపోతే నష్టం ఎంతదాకా పోతుందో చెప్పడానికి రెండు సందర్భాలు రాస్తాను. ఇవి నేను కనిపెట్టినవి కావు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

తీవ్ర పోషణలోపంతో పసిబిడ్డను తీసుకొస్తారు. జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల లోపు, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. చూడగానే ఎవరికైనా కడుపునిండా పెట్టాలనిపిస్తుంది. అదే ప్రమాదం. ఎండిపోయిన ఒళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డ తిండిని తట్టుకోలేదు, గుండె ఆగిపోవచ్చు. అందుకే మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పలచని పాలు, వంద మిల్లీలీటర్లకు 75 క్యాలరీలు ఉండేవి, రెండేసి గంటలకు కొలిచి పట్టాలి, రాత్రి పన్నెండు గంటలకూ రెండు గంటలకూ కూడా. ఆకలి తిరిగి వచ్చాకే ఎఫ్-100. రక్తం తక్కువగా ఉందని మొదటి వారంలో ఐరన్ ఇవ్వకూడదు, బరువు పెరగడం మొదలయ్యాకే ఇవ్వాలి. పోషణ పునరావాస కేంద్రాల కోసం 2011లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో పది పడకలకు నలుగురు నర్సులు, ఒక న్యూట్రిషన్ కౌన్సెలర్ అని ఉంది. ఆ ఒక్క కౌన్సెలర్ సాయంత్రం ఇంటికి పోతారు. రాత్రి రెండు గంటల పాలు కలిపేది, కొలిచేది, ముక్కు గొట్టంలోంచి పట్టేది నర్సు.

రెండోది మగవాళ్ళ వార్డు. మా వైపు కల్లు, సారా ఎంత లోతుగా దిగాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. వారాల తరబడి తాగుడే తప్ప తిండి లేని మనిషిని మంచం మీద వేసుకొస్తారు. అలవాటు కొద్దీ గ్లూకోజ్ మొదలుపెడతాం. ఒంట్లో థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉన్న మనిషికి థయమిన్ లేకుండా గ్లూకోజ్ పోస్తే మెదడు దెబ్బతినే స్థితిలోకి జారవచ్చు. కళ్ళు తేలేసి, తూలి, జ్ఞాపకం పోగొట్టుకుని ఇంటికి పోయే మనిషి ఇక ముందటి మనిషి కాడు. షుగర్ పడిపోయి ఉంటే గ్లూకోజ్ ఆపమని నేననను, థయమిన్ సూది మాత్రం దాని వెంటే ఉండాలి. "సార్, బి1 ఇచ్చామా?" అని అడిగే నర్సు ఒకరు డ్యూటీలో ఉండటం ఆ కుటుంబానికి ఎంత విలువైనదో లెక్కగట్టలేం.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద రాసిన చిన్న పుస్తకంలో తిండికే రెండు అధ్యాయాలు ఇచ్చింది, ఎలా తినిపించాలి అని ఒకటి, ఏం పెట్టాలి అని మరొకటి. క్రిమియా యుద్ధంలో ఆమె పనిచేసిన స్కుటారీ ఆస్పత్రి వంటగదిని బాగుచేయడానికి లండన్ నుంచి అలెక్సిస్ సోయర్ అనే పేరుమోసిన వంటవాడు వచ్చాడు. ఆధునిక నర్సింగ్ పుట్టిందే వంటగదికీ వార్డుకూ మధ్య నడవాలో. ఆ తర్వాత ఎక్కడో రెండూ విడిపోయాయి.

మన తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి కథ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు పేగులకు వచ్చే స్ప్రూ అనే వ్యాధితో పోయారు, ఆయన కూడా ఆ జబ్బుతోనే చావుదాకా వెళ్ళి వచ్చారు. 1920లలో హార్వర్డ్‌కు పోయి చదువుకుంటూ, పొట్టకూటి కోసం బోస్టన్‌లోని ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల బెడ్‌పాన్లు ఎత్తారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ పాన్‌గల్‌లో ఆశక్క గర్భిణి చేతిలో పెట్టే గోలీలో సగం పేరు ఆ ఫోలిక్ యాసిడ్‌దే. బెడ్‌పాన్ ఎత్తిన చేయి, విటమిన్ తయారుచేసిన చేయి ఒకటే. మా నర్సింగ్ తరగతిలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, సుబ్బారావు గారి పేరే రాలేదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు చిన్న గదిగా మొదలై, 1958లో మన దగ్గరికి వచ్చింది. అక్కడి శాస్త్రవేత్త సి. గోపాలన్, ఆయన సహచరులు దక్కనులో జొన్న తినే కూలీలకు వచ్చే పెల్లగ్రాను పట్టి చూశారు. మెడ చుట్టూ, ముంజేతుల మీద ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతిభ్రమణం దాని గుర్తులు. జొన్నలో లూసిన్ ఎక్కువ కావడమే కారణమని 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదం నడిచింది గానీ, జొన్న ఒక్కటే తిని పప్పు, కూర, పాలు లేని పేద ఇంట్లో ఆ జబ్బు వచ్చిందన్నది నిజం. నాకు జొన్నరొట్టె, పల్లీల తొక్కు అంటే ప్రాణం. అయినా ఇప్పుడు పట్నాల్లో జొన్నను అమృతమన్నట్టు మాట్లాడేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. మా తాతల కాలంలో మిగతావేవీ లేకనే జొన్న తిన్నారు. ఇప్పుడు కల్వకుర్తి, భీమా ఎత్తిపోతల నీళ్ళొచ్చాయి, వరి వచ్చింది, మూడు పూటలా తెల్లన్నం వచ్చింది, దాని వెంబడే షుగరూ వచ్చింది. పాత జబ్బుల వాళ్ళూ కొత్త జబ్బుల వాళ్ళూ ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద పడుకుంటున్నారు.

ఇక మీ చేతిలో ఉన్న సంగతికి వస్తాను.

బీఎస్సీ నర్సింగ్‌లో ఇప్పుడు రెండో సెమిస్టర్‌లో పోషకాహారానికి 60 గంటలు ఉన్నాయి, ప్రాక్టికల్‌తో కలిపి. పరీక్ష బయోకెమిస్ట్రీతో కలిపి ఒకే పేపరు. ఆ తర్వాత మిగిలిన చదువులో దానికి విడిగా పేపరు లేదు. భారత నర్సింగ్ కౌన్సిల్ ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు నడుపుతుంది: క్యాన్సర్, కిడ్నీ, కాలిన గాయాలు, నవజాత శిశువులు, వృద్ధులు, చివరికి ఫోరెన్సిక్ నర్సింగ్ కూడా. పోషణకు లేదు. ఇంకో వైపు నుంచి చూస్తే, పోషకాహారంలో డిగ్రీ చేసిన పిల్ల నర్సు కావాలనుకుంటే ఇంటర్ పాసైన పిల్లతో సమానంగా మొదటి ఏడాది మొదటి బెంచీ నుంచి రావాలి. జీఎన్‌ఎం డిప్లొమా అయితే మూడేళ్ళు, బీఎస్సీ అయితే నాలుగేళ్ళు. నేనలాగే వచ్చాను. డిగ్రీలో మూడేళ్ళు చదివిన విటమిన్ల పాఠాన్ని నర్సింగ్ తరగతిలో మళ్ళీ నోట్సు రాసుకున్నాను. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకు ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ పూర్తయ్యే దారి ఉంది.

చట్టాలు కూడా ఈ రెండు వృత్తులను రెండు గదుల్లో పెట్టాయి. డైటీషియన్లు 2021 నాటి అనుబంధ వైద్య వృత్తుల కమిషన్ చట్టం కిందికి వస్తారు, నర్సులు 2023 నాటి నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కిందికి. రెండు చట్టాలూ కేంద్రానివి, వాటిని మీరు మార్చలేరని తెలుసు. కానీ రెండు గదుల మధ్య తలుపు తెరవమని రాష్ట్రం అడగవచ్చు.

నర్సింగ్ చదువును కుదించమని నేను అడగడం లేదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే కొందరు తోటి సిస్టర్లకు ఆ భయం ఉంది. వార్డులో గడపాల్సిన గంటలు ఒక్కటి కూడా తగ్గకూడదు. పోషకాహారం డిగ్రీ ఉన్నంత మాత్రాన సూది వేయడం రాదు, నాకూ రాలేదు. అడిగేది ఇంతే: డిగ్రీలో పాసైన న్యూట్రిషన్, బయోకెమిస్ట్రీ పేపర్లను నర్సింగ్‌లో మళ్ళీ రాయించకుండా లెక్కలోకి తీసుకోవాలని రాష్ట్ర కౌన్సిల్ ద్వారా, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా ప్రతిపాదన పంపండి. ఆ మిగిలిన సమయంలో వాళ్ళను పిల్లల వార్డులోనో డయాలసిస్ వార్డులోనో అదనంగా నిలబెట్టండి.

ఇంతకంటే తొందరగా అయ్యే పని ఇంకొకటి ఉంది. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌తో కలిసి సర్కారు నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చింది మన రాష్ట్రమే. దేశమంతా తర్వాత ఆ దారి పట్టింది. హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల కోసం కేంద్రం నర్సులకు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పెట్టింది. అలాంటి ఆరు నెలల కోర్సు పోషణలో ఎందుకు పెట్టకూడదు? తార్నాక సంస్థ మన ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క, సైఫాబాద్‌లో ఒకప్పటి హోం సైన్స్ కాలేజీ ఉంది, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలు ఉన్నాయి. పాఠం ఒకచోట, ప్రాక్టీసు ఇంకోచోట పెట్టుకోవచ్చు.

"డైటీషియన్ పోస్టులు నింపితే సరిపోదా?" అని మీ శాఖలో ఎవరైనా అనవచ్చు. నింపండి, తప్పకుండా నింపండి. కానీ ఎంత నింపినా ఒక ఆస్పత్రికి ఒకరో ఇద్దరో. నర్సులు మూడు షిఫ్టుల్లో ఉంటారు. 2022లో సర్కారు ఆస్పత్రుల్లో రోగి తిండికి రోజుకు 40 రూపాయల నుంచి 80కి, టీబీ వంటి జబ్బులవాళ్ళకు 56 నుంచి 112కి పెంచారు. డబ్బు రెట్టింపయింది, మంచిదే. కానీ పళ్ళెంలో ఎంత మిగిలిందో రాసుకునే కాగితం ఏ వార్డులోనూ నేను చూడలేదు. మూత్రం ఎంత పోశారో మిల్లీలీటర్లలో రాస్తాం, బువ్వ ఎంత తిన్నారో రాయం. టీబీ రోగికి నెలకు వచ్చే పోషణ సాయం 2024 నవంబరు నుంచి 500 నుంచి 1,000 రూపాయలయింది. జార్ఖండ్‌లో జరిగి 2023లో అచ్చయిన రేషన్స్ అధ్యయనంలో, టీబీ రోగి ఇంటివాళ్ళకు తిండి సరుకులు ఇస్తే వాళ్ళలో కొత్తగా జబ్బు రావడం 39 శాతం తగ్గింది. ఇంత పనిచేసే మందు ఇంకోటి ఉంటే దాని చార్టు మనం రోజూ నింపేవాళ్ళం.

ఇంకో సంగతి. 2022 డిసెంబరులో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదటి విడతగా తొమ్మిది జిల్లాల్లో ఇచ్చారు. అందులో గద్వాల ఉంది, నాగర్‌కర్నూల్ ఉంది. రెండింటి మధ్య ఉన్న మా వనపర్తి లేదు, తర్వాతి విడత దాకా ఆగాల్సి వచ్చింది. పాన్‌గల్ గర్భిణి రక్తం జిల్లా సరిహద్దు చూసి ఎక్కువవుతుందా? అప్పటి ప్రభుత్వం మీద నిందగా ఇది రాయడం లేదు. కిట్టులో ఖర్జూరం, నెయ్యి, పోషకాహార పొడి, ఐరన్ సిరప్ ఉండేవి, మంచి సరుకే. అయితే సంచీకి విడతలు ఉంటాయి, జిల్లాలు ఉంటాయి, ప్రభుత్వం మారితే పేర్లు మారతాయి. ఆ సిరప్ ఎప్పుడు తాగాలో, ఆ నెయ్యి అత్తగారి ముద్దలోకి పోకుండా ఎలా దక్కించుకోవాలో చెప్పగలిగే నర్సు ఒకసారి తయారైతే రిటైరయ్యేదాకా ఉంటుంది.

2024 జనవరిలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు మీ ప్రభుత్వమే నియామక పత్రాలు ఇచ్చింది. వాళ్ళలో పోషకాహారమో, హోం సైన్సో, ఫుడ్ సైన్సో ముందు చదివినవాళ్ళు ఎందరో ఎవరూ అడగలేదు, దరఖాస్తులో ఆ గడే లేదు. ముందు ఆ గడి పెట్టించండి. ఖర్చు లేని పని. వాళ్ళెవరో తేలాక, ప్రతి జిల్లా ఆస్పత్రిలో పిల్లల వార్డుకు, కాన్పుల వార్డుకు ఒక్కొక్కరిని పోషణ ఇన్‌చార్జి నర్సుగా వేసి, ఇన్‌టేక్–అవుట్‌పుట్ చార్టు పక్కనే తిండి చార్టు కూడా నింపమని ఉత్తర్వు ఇవ్వండి. బీఎస్సీ న్యూట్రిషన్ చేసి, ప్రైవేటు జిమ్ముల్లో ప్రోటీన్ డబ్బాలు అమ్మే పనికి కుదురుకున్న పాలమూరు ఆడపిల్లలు నాకు తెలుసు. నర్సింగ్‌లోకి వస్తే ముందటి చదువు వృథా కాదని వాళ్ళకు మీ నోటి నుంచి ఒక్క మాట రావాలి.

రాష్ట్రమంతా ఒకేసారి కుదరకపోతే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల ఆస్పత్రుల్లో ఏడాది పాటు నడిపి చూడండి. మొదటి గంటలో పాలు అందిన బిడ్డలు ఎందరు, గర్భిణుల హిమోగ్లోబిన్ ఎంత పెరిగింది, ఈ రెండు అంకెలు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తీయించండి. ఫలితం లేకపోతే ఆపేయండి. ఈసారి విడతల్లో మాత్రం వనపర్తిని మొదటి విడతలోనే పెట్టండి.

ఇట్లు,
పాన్‌గల్ మండలానికి చెందిన ఒక స్టాఫ్ నర్సు
వనపర్తి జిల్లా